గని వేడిమి నేర్పిన పాఠము

మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తాగా జీవితము గడపిన నాకు ఉష్ణగతిశాస్త్రమును గూర్చి వ్రాయు అర్హత లేదు. పాఠకులు మన్నింతురు గాక. అయినను కోలారు బంగారు గనులలో పుట్టిన మేము దాని ద్వితీయ నియమమును పుస్తకమున గాక ఇంటిలోనే చూచితిమి.

మా తండ్రిగారు ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసిరి. దాని లోతు సుమారు 3,200 మీటర్లు. అడుగున రాతి వేడిమి 60 డిగ్రీల సెంటీగ్రేడును మించెడిది. ఆయన విడిచిన చొక్కాను మా అమ్మ పిండినచో చెమట ధారగా కారెడిది.

మొన్న మనుమడు అడిగెను: "తాతా, శక్తి నశించదు కదా! లోపల అంత వేడి ఉంటే దానితోనే యంత్రాలు నడపక, శివసముద్రం నుంచి కరెంటు ఎందుకు తెచ్చారు?"

మంచి ప్రశ్న. వేడిమి వేడిచోటినుండి చల్లనిచోటికి తనంతట ప్రవహించును. ఆ ప్రవాహముననే పని పుట్టును. పల్లము లేనిదే నీటితో మర తిరుగదు గదా! గనిలో చుట్టును వేడియే. చల్లదనము మూడు కిలోమీటర్ల పైన నుండెను. దానిని క్రిందికి దింపుటకు వెల చెల్లించవలెను. 1902 నుండి కావేరి జలపాతపు విద్యుత్తు మా గనులకు వచ్చెను. తరువాతి కాలమున పైన యంత్రములతో గాలిని చల్లబఱచి లోనికి పంపిరి. అవి వేడిని నశింపజేయలేదు. బయటికి నెట్టి, తమ వేడిని కూడ చేర్చినవి. ఈ లెక్కకు 1865లో జర్మను శాస్త్రజ్ఞుడు క్లాసియస్ ఎంట్రోపీ అని పేరిడెను. ఒక మూల సర్దినచో వేఱొక మూల అంతకు తక్కువ కాకుండ చెదరును.

నూటయిరువది యేండ్లలో సుమారు 800 టన్నుల బంగారము వెలికి వచ్చి వెడలిపోయెను. పొడియైన రాయి సైనైడు దిబ్బలై మాకు మిగిలెను. వేసవిగాలికి ఆ దుమ్ము ఇండ్లలోనికి వచ్చును.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. పిదప పంపులు ఆగగా లోపల నీరు నిండెను. ఎవ్వరును నింపలేదు, తోడుట మానిరి, అంతే.

భాషకు ఈ నియమమును అంటగట్టుట శాస్త్రము కాదని ఎఱుగుదును. కాని మనుమడు ఆ ప్రశ్నను సగము కన్నడమున, సగము ఇంగ్లీషున అడిగెను. వాని నోటినుండి తెలుగును ఎవ్వరును లాగుకొనలేదు. మేమే నిత్యప్రయత్నము మానితిమి.

ఇప్పుడు రాత్రి భోజనమైన పిమ్మట అరగంట ఇద్దరము నోటుపుస్తకము ముందు కూర్చుండుచున్నాము. మొదటి మాటగా "గని" వ్రాయించితిని.