ఎవరి వంశం?

“మీ తల్లిగారింట్ల ఎవరికన్న ఉన్నదా ఈ రోగం?”

పాపను హైదరాబాద్ తీసుకుపోయే ముందు రోజు, మట్టెవాడలో మా ఇంట్లో అందరి ముందూ అత్తమ్మ అడిగిన మాట ఇది. ఆయన తల వంచుకుని కూచున్నాడు. నేను సంచి సర్దుతూనే ఉన్నాను. పాపకప్పుడు ఆరేళ్ళు.

వరంగల్‌లో రక్తం చూసి అక్యూట్ లుకేమియా అన్నారు. హైదరాబాద్‌లో తుంటి ఎముక నుంచి మూలుగ తీశారు. మర్నాడు వెళ్తే డాక్టరమ్మ “ఇంకా లీనియేజ్ తేలాలి” అంది. అంటే ఏమిటని అడిగాను. “ఆ కణం ఏ వంశానిదో” అంది. నాకు కాళ్ళు వణికాయి. ఇక్కడా వంశమేనా?

నా ముఖం చూసి ఆమె కూచోబెట్టి చెప్పింది. మూలుగలోని పసికణం ఎదిగి బి లింఫోసైటో, టి లింఫోసైటో, మైలాయిడ్ కణమో కావాలి. ఎదుగుదల మధ్యలో ఆగి, గుంపులుగా పెరిగితే అది లుకేమియా. మైక్రోస్కోపులో బి, టి పసికణాలు ఒక్కలాగే ఉంటాయి. అందుకే కణం మీదా, లోపలా ఉండే ప్రోటీన్లను వెతుకుతారు. సీడీ19, సీడీ79ఏ బి వంశానికి గుర్తులు. కణం లోపలి సీడీ3 టి వంశానికి, మైలోపెరాక్సిడేజ్ మైలాయిడ్‌కు. ఒక్క గుర్తునే నమ్మరు, కొన్నిటిని కలిపి చూస్తారు. ఒక్కోసారి ఒకే రోగిలో రెండు వంశాల గుర్తులూ కనిపిస్తాయట. మెరిసే రంగు అంటించిన యాంటీబాడీలు ఈ గుర్తులకు అతుక్కుంటే, లేజర్ కాంతిలో యంత్రం ఒక్కొక్క కణాన్నీ లెక్కపెడుతుంది. అలాంటి యాంటీబాడీల తయారీకి 1975లో కోలర్, మిల్‌స్టైన్ దారి చూపారు. 1982లో పారిస్ సమావేశం సీడీ నంబర్ల పద్ధతిని మొదలుపెట్టింది. వంశం తేలితేనే ఏ మందులో తేలుతుంది.

పాపది బి అని తేలింది.

“నా వైపు నుంచి వచ్చిందా మేడమ్?” అన్నాను, గొంతు పెగుల్చుకుని.

“పిల్లల్లో చాలామటుకు ఇది అమ్మ నుంచో నాన్న నుంచో రాదమ్మా. ఆ కణంలోనే మార్పు జరుగుతుంది.”

వార్డులో పక్క మంచాల దగ్గరి తల్లులకు ఈ మాట చెప్పాను. వాళ్ళలో ఇద్దరిని ఇంట్లో ఇదే ప్రశ్న అడిగారట. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పాప వెన్నులోకి ఎక్కించిన మెథోట్రెక్సేట్ వెనక, భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఉందని తర్వాత చదివాను.

పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ పాత ఫైలు మొన్న బీరువాలో దొరికింది. పాప పేరు కింద తండ్రి పేరు రాసి ఉంది. నా పేరు ఏ కాగితంలోనూ లేదు.