ఊట

సిరుగుప్పలో పుట్టినవారికి సరిహద్దు క్రొత్త మాట కాదు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీకి పూర్వము ఆదోని, ఆలూరు, రాయదుర్గము, సిరుగుప్ప తాలూకాలన్నియు మద్రాసు రాష్ట్రములోని బళ్ళారి జిల్లాకు చెందినవే. ఆ దినమున మొదటి మూడును ఆంధ్రరాష్ట్రమునకు పోయినవి. మన తాలూకా బళ్ళారితోపాటు మైసూరు రాష్ట్రములో చేరినది. మా తాతగారు మాత్రము ఎప్పటివలెనే ప్రత్తిబండి కట్టుకొని ఆదోనికి పోవుచుండిరట. ఎద్దులకు రాష్ట్రములు తెలియవని నవ్వెడివారు.

మాకు తెలియవలసి వచ్చినది. తెలుగు ఉపాధ్యాయులము కావలెనని మేము కర్నూలునకు పోయి ఒక సంవత్సరము శిక్షణ పొందితిమి. ఉద్యోగమును, ఇల్లును అచటనే యని నిశ్చయించుకొంటిమి. మొదటినాటి మధ్యాహ్నము ప్రక్కన కూర్చున్న మిత్రుని "ఊట అయిందా?" అని అడిగితిమి. గది యంతయు గొల్లుమనెను. భోజనమును ఊట యనుట కన్నడమునుండి మన యిండ్లకు వచ్చిన అలవాటు. వారికి ఊట యనగా చెలమలో ఊరెడి నీరు. ఆ యేడంతయు మాకు అదే పేరు. ఆ మాటను నాలుకనుండి ఏరివేసితిమి. నాటకములను గూర్చిన పాఠములో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి పేరును, బళ్ళారి రాఘవగారి పేరును వినబడినప్పుడు మాత్రము తల యెత్తి కూర్చుంటిమి. న్యాయవాదియై యుండియు, తెలుగునను కన్నడమునను వేషము కట్టి మెప్పించిన రాఘవగారిది మా బళ్ళారియే గదా!

శిక్షణ ముగిసినది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి అచటి ఉద్యోగములలో అధికభాగము స్థానికులవి. స్థానికతను నిర్ణయించునది అచట చదివిన సంవత్సరముల లెక్క. మాది ఒక్క సంవత్సరము. (ఆ నియమము అన్యాయమని మేము అనము. ఆవల పుట్టియుండినచో మేమును దానినే కోరుకొని యుందుము.) మిగిలిన కొలది స్థానములకు రెండుమార్లు పోటీపడి ఓడితిమి. పెట్టె పట్టుకొని ఆదోనిమీదుగా రాత్రి బస్సులో వచ్చితిమి. అమ్మ తలుపు తీసి, "ఊట అయిందా నాయనా?" అని అడిగెను. కసరుకొంటిమి.

రెండేండ్లుండి పోవుదమను తలంపుతోనే ఈ పాఠశాలలో చేరితిమి. మొదటి వ్యాసములు దిద్దుచుండగా ఎనిమిదవ తరగతి బాలిక వ్రాసిన వాక్యమొకటి కనబడెను: "నాట్లప్పుడు మా అమ్మ ఊట చేయకుండానే మడికి పోతాది." ఎఱ్ఱసిరాతో గీత గీచితిమి. అంతతో ఊరకుండక తరగతిలో చదివి వినిపించి, "ఊట చేయుటకు మీ అమ్మ చెలమయా?" అంటిమి. పిల్లలు నవ్విరి. ఆ బాలిక తల వంచుకొనెను. అట్లు తల వంచుట మాకు బాగుగా తెలిసినదే.

మరునాడు ఆమె రాలేదు. మూడవనాడు తల్లి వచ్చెను. మడిలోనుండి నేరుగా వచ్చినట్లున్నది, పాదముల బురద ఆరలేదు.

"పాప కన్నడ బడిలో వేయమని ఏడుస్తాది సారూ. తనకు తెలుగు రాదంట. మేమింట్లో మాట్లాడేది తెలుగు కాదా సారూ?"

మా చదువులో దీనికి సమాధానము లేకపోయెను. కర్నూలు గదిలో జరిగినది ఆమెకు చెప్పితిమి. ఆమె నవ్వలేదు. "మీకూ అట్లనే అయిందా!" అని మాత్రము అనెను.

బాలిక తిరిగి వచ్చిన దినమున, మొన్న మేము అన్నమాట తప్పని తరగతి యెదుటనే చెప్పితిమి. నల్లబల్లపై ఊట, భోజనము అని రెండు మాటలును ప్రక్కప్రక్కన వ్రాసి, ఒకటి ఇంటిలోనిది, ఒకటి పరీక్షలోనిది, రెండును మీవే యంటిమి. ఇట్టివి ఇంకెన్ని యున్నవని అడుగగా బల్ల నిండినది. గంట కొట్టినను పిల్లలు లేవలేదు. ఆవలి ఉద్యోగములకు దరఖాస్తులు పెట్టుట మే మెప్పుడు మానితిమో సరిగా గుర్తులేదు గాని, ఆ పిదపనే.

ఆ సాయంకాలము ఇంటికి పోయి, అమ్మ అడుగకముందే, "ఊట పెట్టమ్మా" అంటిమి.