ఉపేక్షింపరాని శేషము

అగ్నిశేషమును, ఋణశేషమును, శత్రుశేషమును ఉపేక్షింపరాదని పెద్దలందురు. రోగి దేహమున మిగిలిన మూత్రపిండశక్తియు నట్టి శేషమే. కాని మూత్రమను మాట పలుకుటకే సిగ్గుపడు మన యిండ్లలో దానిని కొలుచువా రెవరు?

మా యక్కగారికి మూత్రపిండములు చెడి రెండేండ్లయినది. రోజునకు నాలుగుమారులు గొట్టముద్వారా కడుపులోనికి ద్రవమును నింపి, కొన్ని గంటలుంచి, తీసివేయుదురు. కడుపులోని పలుచని పొర జల్లెడయై మాలిన్యమును ద్రవములోనికి విడుచును. ఇంటనే జరుగు నీ చికిత్సను పెరిటోనియల్ డయాలిసిస్ అందురు. ఒక దినపు మూత్రమునంతయు పట్టి కొలువుడని వైద్యుడు చెప్పగా, మడి చెడునని అత్తగారు కొలపాత్రను గడప దాటనీయరైరి. "ద్రవమే శుద్ధి చేయుచుండగా చెడిన పిండములతో పనియేమి?" అని తక్కినవారి మాట.

ఆ మాట సరికాదు. కెనడా, అమెరికా దేశముల రోగులనుగూర్చి 2001లో ప్రకటింపబడిన పరిశీలనలో, దినమునకు పావులీటరు మూత్రము అధికముగా గలవారికి మరణాపాయము నూటికి 36 వంతులు తక్కువగా కనబడినది. ద్రవమువలని శుద్ధిలోని హెచ్చుతగ్గులకు అట్టి భేదము కానరాలేదు. మెక్సికోలో 965 మందిపై జరిపి 2002లో ప్రకటించిన పరీక్షలో, ద్రవపు మోతాదు పెంచినను ఆయువు పెరుగలేదు. మూత్రము నిలిచినవారు మొదటినుండియు దృఢతరులై యుండవచ్చును గనుక, ఈ లెక్కలనుబట్టి మూత్రమే ఆయువు నిచ్చినదని రూఢిగా చెప్పరాదు. అయినను మిగిలిన పిండము నీటిని, ఉప్పును వెడలించి గుండెకు భారము తగ్గించుననుట నిజము. పొర చక్కగా దాటింపలేని పెద్ద మాలిన్యములను గూడ కొంత వెడలించును.

ఈ శేషమును కాచుకొనుట కష్టము గాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పిమాత్రలు వైద్యు నడుగక మ్రింగరాదు. వాంతులు, విరేచనములు కలిగి దేహమున నీరు తగ్గినపుడు తడవు చేయక వైద్యునికి తెలుపవలెను. రక్తపుపోటు మందులలో కొన్ని యీ శక్తిని నిలుపుటకు తోడ్పడును. వానిని తమంతట తాము మానరాదు.

తుదకు మా బావగారే కొలపాత్రను తెచ్చి, పట్టి, కొలిచిరి. 400 మిల్లీలీటర్లు! మోకాలినొప్పికి పొరుగువా రిచ్చిన మాత్రలను ఆనాడే తిప్పిపంపిరి. అత్తగా రిప్పటికిని ఆ గదిలో అడుగిడరు.

చదువరులారా! మడి మరల కట్టుకొనవచ్చును. పోయిన పిండశక్తి మరల వచ్చుట మిక్కిలి యరుదు. మీ యింట నిట్టి రోగి యున్నచో, సిగ్గు విడిచి కొలువుడు.