గాజుతొట్టి నేర్పిన పాఠము

నేను ఎనిమిదవ తరగతి చదువుచున్న దినములలో మా నాన్నగారు ఒక గాజుతొట్టిని, రెండు బంగారు చేపలను కొని తెచ్చిరి. రాజమహేంద్రవరమున మా యింటి వసారాలో, వెలుతురు గలిగి ఎండ నేరుగా తగులని చోట, దానిని ఒక బల్లపై నుంచితిమి. అడుగున గోదావరి యిసుకను, గులకరాళ్లను పఱచి కొన్ని నీటిమొక్కలు నాటితిమి.

ఆ చేపలన్న నాకును, మా చెల్లెలికిని ప్రాణము. మమ్ము చూచి అవి గాజునొద్దకు వచ్చి నోరు తెఱచినప్పుడెల్ల, ఆకలిగొన్నవని తలచి మేత వేయుచుంటిమి. అవి తినగా మిగిలినది యిసుకలో చేరి కుళ్లుచుండెను. రెండు నెలలు గడచునప్పటికి నీరు మసకబాఱెను. గాజునకు పాచి పట్టెను.

ఒక ఆదివారమున చెల్లెలు ఇంట లేని సమయమున తొట్టిని అద్దమువలె చేసి ఆమెకు చూపవలెనని నాకు బుద్ధి పుట్టెను. నీరంతయు పాఱబోసి, ఇసుకను, రాళ్లను కుళాయి క్రింద శుభ్రముగా కడిగితిని. మొక్కలను పీకివేసితిని. కుళాయినీటితో తొట్టిని నింపి చేపలను వదలితిని. తొట్టి తళతళ మెఱసెను.

మఱునాటి ఉదయమున ఒక చేప వెల్లకిల తేలియుండెను. రెండవది నీటిపైకి వచ్చి రొప్పుచుండెను. మా నాయనమ్మ చూచి, “కొత్తనీరు పడలేదేమోరా! నిన్న పట్టిన నీళ్లలో వేసి చూడు” అని మూత లేని గంగాళమును చూపెను. అందు వేయగా అది కొంతసేపటికి తెప్పఱిల్లెను.

“అన్నయ్యా, రెండవ చేప ఏమైనది?” అని చెల్లెలు కన్నీళ్లతో అడిగెను. “ముసలిదై చనిపోయినది” అంటిని. బంగారు చేప పది సంవత్సరములకు పైగా బ్రదుకగలదని నేను అప్పటికే చదివియుంటిని. ఆనాడు నాకు అన్నము సహింపలేదు.

బడిలో మా సామాన్యశాస్త్రపు మాష్టారితో జరిగినదంతయు చెప్పితిని. ఆయన కోపపడక ఇట్లనిరి: “నాయనా, చేపల విసర్జనమునుండియు, కుళ్లిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. ఇసుకను, రాళ్లను అంటియున్న సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు అంత హాని చేయదు. దానిని మొక్కలు ఆహారముగా గ్రహించును. కొత్త తొట్టిలో ఆ జీవులు తగినంతగా పెరుగుటకు కొన్ని వారములు పట్టును. నీవు మురికితోపాటు వానిని కూడ కడిగివేసితివి. పైగా, కుళాయినీటిలోని క్లోరిను మనకు రోగములు రాకుండ కాపాడునది. అదియే చేపల మొప్పలను దెబ్బతీయును.”

లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞుడు బంగారు చేపలను, నీటిమొక్కలను, నత్తలను ఒకే పాత్రలో పెంచి, 1850లో ఆ వృత్తాంతమును ప్రకటించెననియు ఆయన చెప్పిరి. వెలుతురులో మొక్కలు చేపలకు ప్రాణవాయువు నిచ్చును. కుళ్లిన ఆకులను నత్తలు తినును. ఒకదాని బ్రదుకు మఱియొకదానిపై ఆధారపడియుండును.

ఆ సాయంకాలము చెల్లెలిని పిలిచి, “చేప ముసలిదై చావలేదు. నా చేతులతో నేనే చంపితిని” అని చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. చివరకు, “మేత ఎక్కువగా వేసినది నేను కూడ కదా అన్నయ్యా!” అనెను.

నాటినుండి రెండు నిమిషములలో తినగలిగినంత మేత మాత్రమే వేసితిమి. వారమున కొకసారి నాలుగవ వంతు నీటిని మాత్రమే తీసి, ఒక దినము వెడల్పు పాత్రలో నిలువ ఉంచిన నీటిని పోసితిమి. గులకరాళ్లను తొట్టినుండి తీసిన నీటిలోనే జాడించితిమి. మరల మొక్కలు నాటితిమి. తొట్టి మునుపటివలె తళతళలాడలేదు. కాని మిగిలిన చేప మఱి ఆఱు సంవత్సరములు అందు హాయిగా తిరుగాడెను.

మా చేపను చంపినది నా ద్వేషము కాదు, నా ప్రేమయే. తెలివి తోడు లేని ప్రేమ ఎంత హాని చేయగలదో ఆ మూగజీవి నాకు నేర్పినది. నేటికిని ఏ ప్రాణిని చేరదీయబోయినను, దానికి కావలసినదేమో ముందు తెలిసికొని గాని చేయి చాపను.