పగార్ తీసుకున్న పాపానికి

గున్నార్ నోర్దాల్ అనే పేరు మన చాళ్లలో ఎంతమంది విన్నారో గాని, నేను మాత్రం మొన్నమొన్నటి దాకా వినలేదు. మా మనవడికి ఫుట్‌బాల్ పిచ్చి. ఇటలీలోని ఏసీ మిలాన్ వాడి జట్టు. ఆ జట్టుకు అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టింది ఎవర్రా అంటే, "ఇటలీవాడు కాదు తాతా, స్వీడనోడు. డెబ్బై ఏండ్ల కిందటి మనిషి" అన్నాడు. 268 ఆటల్లో 221 గోల్స్. మిలాన్‌కు రాకముందు ఆయన ఫైర్ బ్రిగేడ్‌లో మంటలార్పే నౌకరీ చేసేవాడని కూడా చెప్పాడు. అది విన్నాక ఆయన సంగతంతా తెలుసుకోవాలనిపించింది. నాలుగో తరగతి చదువుతో ఇంగ్లీషు ఎక్కడొస్తుంది, వాడితోనే చదివించుకుని విన్నాను.

నోర్దాల్ 1921లో స్వీడన్ ఉత్తరాన హోర్నెఫోర్స్ అనే ఊళ్లో పుట్టాడు. కాగితానికి గుజ్జు తయారుచేసే ఫ్యాక్టరీ మీద బతికే ఊరది. ఆ ఇంట్లో అయిదుగురు అన్నదమ్ములు పెద్ద జట్లలో ఆడినవాళ్లే. ఈయన మొదట ఊరి జట్టులో, తర్వాత ఇనుము ఫ్యాక్టరీ ఉన్న దేగెర్‌ఫోర్స్‌లో ఆడి, 1944లో నోర్షపింగ్ పట్నానికి వచ్చాడు.

ఈ నోర్షపింగ్ గురించి కొంచెం చెప్పాలి. అది మనలాంటివాళ్ల ఊరు. నది ఒడ్డున, నీళ్ల జోరుతో నడిచిన గిర్ణీలు. మొదట ఉన్ని బట్ట, తర్వాత నూలు బట్ట. మన దగ్గర అహ్మదాబాద్‌ను భారతదేశపు మాంచెస్టర్ అన్నట్టే ఆ ఊరిని స్వీడన్ మాంచెస్టర్ అనేవాళ్లు. భోంగా మోగితే వీధులు నిండే ఊరన్నమాట.

ఆ రోజుల్లో స్వీడన్‌లో ఫుట్‌బాల్ ఆడితే పగార్ లేదు. ఆట ఆటే, పని పనే. పెద్ద ఆటగాడైనా పొట్టకోసం ఏదో ఒక నౌకరీ చేయాల్సిందే. నోర్దాల్‌కు ఫైర్ బ్రిగేడ్‌లో దొరికింది. తొంభై కిలోలకు పైన బరువు, ఎద్దులాంటి మనిషి. ఆ దేహంతో పరుగెత్తుకొస్తుంటే ఇద్దరు పట్టుకున్నా ఆగేవాడు కాదట. ఒక ఆటలో ఒక్కడే ఏడు గోల్స్ కొట్టాడు. ఆయన ఉన్న కాలంలో నోర్షపింగ్ వరసగా నాలుగేళ్లు, 1945 నుంచి 1948 దాకా, దేశంలో మొదటి జట్టుగా నిలిచింది.

1948లో లండన్ ఒలింపిక్స్ వచ్చాయి. స్వీడన్ బంగారు పతకం గెలిచింది. ఫైనల్లో యుగోస్లావియాను 3-1తో ఓడించారు, అందులో ఒక గోల్ నోర్దాల్‌ది. ఆ జట్టులో ఆయన అన్నదమ్ములు బెర్తిల్, క్నూత్ కూడా ఉన్నారు. ఒకే ఇంట్లో మూడు బంగారు పతకాలు! స్వతంత్రం వచ్చాక మన దేశం ఆడిన మొదటి ఒలింపిక్స్ కూడా అవే. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు.

ఆ ఒలింపిక్స్‌లోనే డెన్మార్క్‌తో సెమీఫైనల్లో జరిగింది వినండి. నోర్దాల్ గోల్ ముందర ఆఫ్‌సైడ్‌లో చిక్కాడు. అంటే తన జట్టువాడు బంతి కొట్టినప్పుడు ఆయన అక్కడుంటే గోల్ చెల్లదు. వెనక్కి రావడానికి టైం లేదు. ఏం చేశాడంటే, ముందుకే ఉరికి గోల్ వలలోకి దూరిపోయాడు. మైదానం దాటినవాడికి ఆఫ్‌సైడ్ ఏముంది! వెనక నుంచి కార్ల్‌సన్ అనే ఆటగాడు తలతో కొట్టిన బంతి సరిగ్గా వలలోకే వచ్చింది, నోర్దాల్ చేతులతో పట్టుకున్నాడు. గోల్ ఇచ్చారు. మా మనవడు ఇది మూడుసార్లు చెప్పించుకున్నా విసుక్కోలేదు.

1949 జనవరిలో మిలాన్ వాళ్లు పిలిచారు. పోయాడు. అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఇప్పుడు ఆటే పని, ఆటకే పగార్. మిగిలిన సగం సీజన్లో 15 ఆటలాడి 16 గోల్స్ కొట్టాడు. ఆ మరుసటి సీజన్లో 35. ఇటలీ లీగ్‌లో ఒక సీజన్లో అన్ని గోల్స్ మళ్లీ దాటడానికి 2016 దాకా పట్టింది. వెనకాలే స్వీడన్ దోస్తులు గ్రెన్, లీడ్‌హోల్మ్ కూడా మిలాన్‌కు వచ్చారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి జనం గ్రె-నో-లి అనేవాళ్లు. 1950లో యువెంటస్‌ను వాళ్ల ఊళ్లోనే 7-1తో ఓడిస్తే అందులో మూడు నోర్దాల్‌వి. 1951లో మిలాన్ లీగ్ గెలిచింది, నలభై నాలుగేళ్ల తర్వాత. ఇటలీ జనం ఆయనకు పెట్టిన పేరు 'పొంపియేరే', అంటే ఫైర్‌మన్. పాత నౌకరీ పేరు అక్కడికీ వెంటపోయింది.

ఇంత వరకు బాగానే ఉంది. నాకు మింగుడు పడనిది ఇక్కడే. ఆటకు పగార్ తీసుకున్నాడు గనుక స్వీడన్ దేశపు జట్టులో ఆయనకు చోటు లేదన్నారు! అప్పటికి దేశానికి 33 ఆటల్లో 43 గోల్స్ కొట్టిన మనిషి. ఆ లెక్క అక్కడే ఆగిపోయింది. 1950 ప్రపంచకప్‌లో స్వీడన్ ఈ ముగ్గురూ లేకుండానే ఆడింది, ఇటలీని కూడా ఓడించి మూడో స్థానం తెచ్చుకుంది. అది చూసి ఇటలీవాళ్లు ఆ జట్టులోంచి ఇంకొందరిని తీసుకుపోయారు. వాళ్లూ బయటే. 1954 ప్రపంచకప్‌కు స్వీడన్ అసలు పోనే లేకపోయింది.

డబ్బు వస్తే ఆట చెడిపోతుందని పెద్దమనుషుల భయం. చిన్న జట్లు ఖాళీ అవుతాయన్న భయంలో కొంత నిజం లేకపోలేదు. కాని పగార్ లేకుండా ఆడటం గొప్పతనం అనే మాట ఎవరికి సాగుతుంది? ఇంట్లో ఆస్తి ఉన్నవాడికి. పాళీ చేసి, చెమట ఆరకముందే మైదానానికి పోయేవాడికి కాదు. మా గిర్ణీలో కబడ్డీ ఆటగాళ్లుండేవాళ్లు. పేరు ఖాతాలో రాసి ఉండేది, మనిషి సాంచాల దగ్గర తక్కువ, మైదానంలో ఎక్కువ కనబడేవాడు. మేం నవ్వుకునేవాళ్లం. జాబర్ గొణిగేవాడు. అయినా పగార్ రోజు వాళ్లు మాతోపాటే వరుసలో నిలబడితే, వీడెందుకు తీసుకుంటున్నాడని ఎవడూ అనలేదు. మోకాళ్లు పగిలేది వాళ్లవే గదా.

నోర్దాల్ గోల్స్ కొడుతూనే పోయాడు. ఇటలీ లీగ్‌లో అయిదుసార్లు అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడు ఆయనే, ఆ లెక్కను ఇంకా ఎవరూ అందుకోలేదు. 1956లో రోమా జట్టుకు మారాడు. మొత్తం ఇటలీ లీగ్‌లో 225 గోల్స్.

1958లో ప్రపంచకప్ స్వీడన్‌లోనే జరిగింది. అప్పుడు సొంత గడ్డ మీద గెలవాలని ఆశ పుట్టి, పగార్ తీసుకునేవాళ్లనూ రమ్మన్నారు. ముప్పై ఏడేళ్ల గ్రెన్ వచ్చాడు, ముప్పై అయిదేళ్ల లీడ్‌హోల్మ్ కెప్టెన్‌గా వచ్చాడు. ఫైనల్ దాకా పోయి బ్రెజిల్ చేతిలో 5-2తో ఓడారు, మొదటి గోల్ మాత్రం లీడ్‌హోల్మ్ కొట్టాడు. ముప్పై ఆరేళ్ల నోర్దాల్ ఆ జట్టులో లేడు. గ్రె, లి ఉండి నడుమ నో లేడు. తొమ్మిదేళ్లు వద్దని, కాళ్లు అరిగినాక రమ్మంటే ముగ్గురూ ఎక్కడ దొరుకుతారు?

కొడుకు తోమాస్ 1970 ప్రపంచకప్‌కు స్వీడన్ జట్టులో పోయాడు. నోర్దాల్ కోచ్‌గా మళ్లీ నోర్షపింగ్‌కే వచ్చాడు. 1995లో ఇటలీలో కన్నుమూశాడు.

ఆ ఊరి గిర్ణీలు కూడా మన గిర్ణీల బాటే పట్టాయి. బయటి దేశాల చవక బట్ట వచ్చి 1950ల నుంచి ఒక్కొక్కటే మూతబడ్డాయి. కాని కట్టడాలను కూలగొట్టలేదు. నది మధ్యలో ఇస్త్రీపెట్టె ఆకారంలో ఉన్న ఒక నూలు గిర్ణీని 1991లో పనివాళ్ల మ్యూజియంగా మార్చారు. ఆ గిర్ణీలోనే ఏళ్ల తరబడి పనిచేసిన ఒకామె బతుకును అందులో బొమ్మలతో, మాటలతో చూపిస్తారట. మనవడు ఫోన్లో ఆ ఫొటో చూపించాడు. పక్కనే నీళ్లు దుముకుతున్నాయి, పైన అంతస్తుల్లో పెద్ద పెద్ద కిటికీలు. ఆ కిటికీలు చూస్తే సాంచా ఖాతా ఏ అంతస్తులో ఉండేదో నేను చెప్పగలననిపించింది.