పట్టుచీరల ఫొటో

2014 సెప్టెంబరు 24న మంగళయాన్ నౌక అంగారకుడి కక్ష్యలోకి చేరింది. ఆ రోజు బెంగళూరు ఇస్రో కేంద్రంలో తీసిన ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. పట్టుచీరలు, తలలో పూలు, ఒకరినొకరు వాటేసుకుని నవ్వుతున్న ఆడవాళ్లు. మన శాస్త్రవేత్తలు వీళ్లేనని అందరం మురిసిపోయాం. మురిసిపోమా మరి! ‘ఆదిత్య 369’ సినిమా చూసి పెరిగిన మనకు శాస్త్రవేత్త అంటే ఒంటరిగా టైమ్ మెషీన్ కట్టే ప్రొఫెసరుగారే.

ఈ జాడ్యం మనదొక్కటే కాదు. డేవిడ్ వేడ్ చేంబర్స్ అనే పరిశోధకుడు 4,807 మంది పిల్లల చేత శాస్త్రవేత్త బొమ్మ గీయించి, 1983లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆడమనిషిని గీసింది 28 మంది, అందరూ ఆడపిల్లలే. మగపిల్లల్లో ఒక్కడూ లేడు. నాకు దీనికన్నా పెద్ద విషయం ఇంకోటి కనిపించింది. బడికి కొత్తగా వచ్చిన పిల్లల బొమ్మల్లో తెల్లకోటు, కళ్లజోడు, గడ్డం పెద్దగా లేవు. పై తరగతులకు వెళ్లేకొద్దీ అవి వచ్చి చేరాయి. పుట్టుకతో వచ్చిన ఊహ కాదన్నమాట, మనం నేర్పిందే.

ఎలా నేర్పామంటారా? చొక్కాల మీద కనిపించే ఐన్‌స్టీన్‌నే చూడండి. నాలుక బయటపెట్టిన ఆ ఫొటో 1951 నాటిది, అప్పుడాయనకు 72 ఏళ్లు. 1905లో ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం రాసినప్పుడు 26 ఏళ్లవాడు, బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఒద్దికగా సూటు వేసుకు తిరిగే ఉద్యోగి. ఆ కుర్రాణ్ణి చొక్కాల మీద ఎవరూ అచ్చు వేయరు.

మళ్లీ మన ఫొటో దగ్గరికి. అందులో ఉన్నది పరిపాలనా విభాగం సిబ్బంది అని తర్వాత ఇస్రోనే చెప్పింది. వాళ్ల సంతోషానికి వంక పెట్టడానికి లేదు, అదీ వాళ్ల సంస్థే. మనమే శాస్త్రవేత్త బొమ్మకు కోటు విప్పించి చీర కట్టాం. చూపు మాత్రం బట్టల మీద నుంచి కదల్లేదు.

మిషన్‌లో మహిళా శాస్త్రవేత్తలు లేకపోలేదు. రితూ కరిధాల్, నందినీ హరినాథ్ ఇద్దరూ డిప్యూటీ ఆపరేషన్స్ డైరెక్టర్లు. నౌక కక్ష్యలోకి చేరిన రోజు అంగారకుడి నుంచి సంకేతం రావడానికే 12 నిమిషాల పైన పట్టింది. పైగా ఇంజను మండుతుండగానే నౌక గ్రహం చాటుకు వెళ్లింది. కింద నుంచి నడిపే వీల్లేదు. ఏది చెడితే ఏం చేయాలో నౌకే తేల్చుకోవాలి, ఆ జవాబులన్నీ ముందే రాసి దానిలో పెట్టాలి. కరిధాల్ పనిచేసింది ఈ ఏర్పాటు మీదే. దీన్ని ఫొటో ఎలా తీస్తారు? తీసినా కంప్యూటర్ల ముందు కూర్చుని “సరే, అదీ చెడితే?” అని వాదించుకునే నలుగురు కనిపిస్తారు. చూసినవాళ్లు ఏదో బ్యాంకు హెడ్డాఫీసు అనుకుంటారు.