దాచిన గంటన్నర

నాన్న పత్తి అమ్మి పంపిన ముప్పై రెండు వేలు ఖాతాలో పడ్డ మర్నాడే ఆ ఫోన్ వచ్చింది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట నిలబడి ఎత్తాను. కేవైసీ గడువు అయిపోయిందట, సాయంత్రం నుంచి ఖాతా ఆగిపోతుందట. గొంతులో ఎంత మర్యాదో! వాట్సాప్‌లో బ్యాంకు గుర్తుతో ఏపీకే ఫైలు పంపాడు. హాస్టల్ ఫీజు కట్టాల్సిన వారం. నొక్కితే ఫోన్‌లో ఒక యాప్ చేరింది. కార్డు వివరాలు నింపాను. నోటితో ఓటీపీ చెప్పలేదు కదా అని ధీమా. కానీ ఫోన్‌కొచ్చే ప్రతి మెసేజ్‌నీ ఆ యాపే వాడికి చేరవేస్తోంది.

మొదట ఐదు వేలు పోయాయి.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. అశోక్‌నగర్‌లో టీ బండి దగ్గర గంటన్నర కూర్చుండిపోయాను. గ్రూప్-2కి ఎకానమీ చదువుతున్నవాణ్ని, నిద్రలో లేపి అడిగినా రెపో రేటు చెప్పేవాణ్ని. ఇలా మోసపోయానని రూమ్మేట్‌కు ఏ ముఖంతో చెప్పను? ఆ గంటన్నరలో తొమ్మిది వేలు, ఆపైన నాలుగు వేలు పోయాయి.

చివరికి రూమ్మేట్‌కే చెప్పాను. "ముందుగాల 1930కి కొట్టు రా" అన్నాడు వాడు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరట, ఆ అంకె నాకు ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాదిగానే తెలుసు! నా ఫోన్‌లో డేటా ఆపేసి, తన ఫోన్‌తో ఫిర్యాదు చేయించాడు, బ్యాంకుకూ చెప్పించాడు. చివరి నాలుగు వేలు ఎవరి ఖాతాలోనో ఆగి దొరికాయి.

తర్వాత 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ చదివాను. దాని ప్రకారం మన నిర్లక్ష్యంతో పోయింది, బ్యాంకుకు చెప్పేదాకా మన నెత్తినే. చెప్పాక పోయేది బ్యాంకు భరించాలి. లెక్కేసుకుంటే నా సిగ్గు ఖరీదు తొమ్మిది వేలు.

ఇప్పుడు నాన్న డబ్బు నారాయణగూడలోని మరో ఖాతాకు వస్తుంది. దానికి యూపీఐ లేదు, కార్డు తీసుకోలేదు. నెలకోసారి నడిచి వెళ్లి ఫారం రాసి తెచ్చుకుంటాను. ఫోన్‌లోని ఖాతాలో రెండు వేలకు మించి ఉంచను. మెయిల్‌లో లింకులు ముట్టను. బ్యాంకు సైటు పేరు నేనే కొట్టి, చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉందో లేదో చూస్తాను.

నాన్నకు చెప్పడానికి మరో నెల పట్టింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నిరుడు కరెంటు బిల్లు పేరుతో తనవీ రెండు వేలు పోయాయన్నాడు.

"మరి నాకు చెప్పలేదేం?"

"సదువుకునేటోనివి, నీకెందుకని."